లీటరు నూనె కిలో ఎందుకు తూగదు? ద్రవ్యరాశి, ఘనపరిమాణం, సాంద్రతలను వంటింట్లోనే కొలిచి తెలుసుకునే పద్ధతి

వంటనూనె ప్యాకెట్టును ఒకసారి చేతిలోకి తీసుకుని, నికర పరిమాణం రాసి ఉన్న చోటు చూడండి. 1 లీటరు అని ఒక అంకె, దాని పక్కనే 910 గ్రాములు అని ఇంకొక అంకె కనిపిస్తాయి. లీటరంటే కిలో కదా, మరి మిగతా తొంభై గ్రాములు ఏమయ్యాయని ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. ఈ విషయమై దుకాణదారుతో వాదనకు దిగినవాళ్ళను కూడా నేను చూశాను. నిజానికి ఆ రెండు అంకెలూ సరైనవే. లీటరు అన్నది నూనె ఎంత చోటును ఆక్రమించిందో చెబుతుంది, గ్రాములు ఆ చోటులో ఎంత పదార్థం ఉందో చెబుతాయి, ఈ రెండింటినీ ముడివేసే సంఖ్యకే సాంద్రత అని పేరు. సాంద్రత అంటే ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించగా వచ్చేదని బడిలో వల్లె వేసి, పరీక్ష రాసి బయటపడిన వారిలో చాలామందికి ఈ ప్యాకెట్టు మీద అచ్చయినది ఆ సూత్రమేనని తట్టదు. సూత్రం కష్టమైనది కాదు. ఆ మూడింటిలో ఒక్కదాన్నయినా తమ చేత్తో కొలిచి చూడకపోవడమే అసలు లోటని నా నమ్మకం. అందువల్ల ఇక్కడ చెప్పబోయే ప్రతి విషయాన్నీ ఒక కొలతతో ముడిపెట్టి చెబుతాను. ఇందుకు కావలసినవి ఒక గ్రాము వరకు చూపించే డిజిటల్ త్రాసు, ఒక జగ్గు, గట్టి దారం, మూత బిగుతుగా పట్టే ఒక సీసా, నీళ్ళు.

మూడు మాటలు, వాటి హద్దులు

ద్రవ్యరాశి అంటే ఒక వస్తువులో ఉన్న పదార్థపు మొత్తం. త్రాసు నిజానికి కొలిచేది ఆ వస్తువును భూమి తనవైపు లాగే బలాన్ని, అంటే బరువును. మనం భూమి మీదే ఉన్నామన్న లెక్కతో దాన్ని గ్రాముల్లోకి మార్చి చూపిస్తుంది. చంద్రుడి మీద అదే త్రాసు ఆరో వంతు చూపిస్తుంది, కానీ వస్తువులోని పదార్థం ఇసుమంతైనా తగ్గదు. ఇంటి కొలతలకు ఈ తేడా అడ్డురాదు కనుక త్రాసు చూపిన అంకెనే ద్రవ్యరాశిగా తీసుకుందాం. ఘనపరిమాణం అంటే వస్తువు ఆక్రమించిన చోటు. ప్రతి వైపూ ఒక సెంటీమీటరు ఉన్న చిన్న ఘనం ఒక ఘన సెంటీమీటరు, అదే ఒక మిల్లీలీటరు. ప్రతి వైపూ పది సెంటీమీటర్లు ఉన్న ఘనం లీటరు.

ఇక సాంద్రత. ఒక పదార్థంలోంచి ఒక్క ఘన సెంటీమీటరు ముక్కను కోసి తీస్తే అది ఎన్ని గ్రాములు తూగుతుందన్న ప్రశ్నకు జవాబే సాంద్రత. నీటికి ఆ జవాబు దాదాపు 1. ఇది ప్రకృతిలో యాదృచ్ఛికంగా కుదిరిన విషయం కాదు. 1795లో ఫ్రాన్సులో మెట్రిక్ కొలతలను నిర్ణయించినప్పుడు, మంచు కరిగే ఉష్ణోగ్రత దగ్గర ఒక ఘన సెంటీమీటరు స్వచ్ఛమైన నీటి ద్రవ్యరాశినే గ్రాము అని నిర్వచించారు. నీటికి లీటరు, కిలో సరిపోవడానికి కారణం ఆ ఏర్పాటే. నూనెతోనో తేనెతోనో గ్రామును నిర్వచించి ఉంటే ఈ సరిపోలిక వాటికి దక్కేది. కాబట్టి లీటరంటే కిలో అన్న మాట నీటికి, అది కూడా సుమారుగా, వర్తించేదే తప్ప అన్ని ద్రవాలకూ చెల్లే నియమం కాదు.

సాంద్రత పదార్థానికి చెందినదే కాని ముక్కకు చెందినది కాదన్నది ఇక్కడ గట్టిగా పట్టుకోవలసిన సంగతి. సబ్బును సగానికి కోస్తే ద్రవ్యరాశి సగమవుతుంది, ఘనపరిమాణమూ సగమవుతుంది, వాటి నిష్పత్తి మాత్రం కోయకముందు ఎంత ఉందో కోసిన తరువాతా అంతే ఉంటుంది. కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అని పిల్లలను ఆటపట్టించే ప్రశ్నలో ఉన్న మెలిక కూడా ఇదే: ద్రవ్యరాశులు సమానమని ప్రశ్నలోనే చెప్పేసి, వినేవాడి మనసును సాంద్రత వైపు లాగుతారు.

తెలుగులో ఇంకొక చిక్కు ఉంది. సాంద్రం అనే మాటకు దట్టమైనది, చిక్కనిది అని అర్థం. అందువల్ల చిక్కగా కనిపించే ద్రవానికి సాంద్రత ఎక్కువని అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఆముదాన్ని చూడండి. గరిటె జారుగా జారదు, సీసాలోంచి తీగలా సాగుతూ పడుతుంది, అయినా దాని సాంద్రత సుమారు 0.96 మాత్రమే కాబట్టి నీటి మీద తేలుతుంది. పాదరసం నీటిలాగే చురుకుగా పరుగెడుతుంది, కానీ దాని సాంద్రత 13.6. ధారగా సాగే గుణం స్నిగ్ధత, నీటిలో ఎంత ఉప్పు కరిగిందన్నది గాఢత, ఒక చోటులో ఎంత పదార్థం ఇమిడిందన్నది సాంద్రత. ఈ మూడూ వేరువేరు సంగతులు. జనాభా లెక్కల్లో వాడే జనసాంద్రత అన్న మాట నిజానికి ఈ భావానికి దగ్గరగా ఉంది. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 308 అంటే, మొత్తం జనాభాను మొత్తం విస్తీర్ణంతో భాగించారని అర్థం. ఇక్కడ మనుషుల బదులు గ్రాములు, చదరపు కిలోమీటర్ల బదులు ఘన సెంటీమీటర్లు వస్తాయి.

మొదటి కొలత: నూనె

ఖాళీ జగ్గును త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. మందుల సీసాతో పాటు ఇచ్చే కొలత మూతతోనో, గీతలున్న కొలత గ్లాసుతోనో 100 మిల్లీలీటర్ల నూనె పోసి అంకె రాసుకోండి. అలాగే 200, 300, 400 వరకు పోస్తూ ప్రతిసారీ రాసుకోండి. 91, 182, 273, 364 గ్రాములకు అటూ ఇటూగా అంకెలు వస్తాయి. గళ్ళ కాగితం మీద అడ్డంగా మిల్లీలీటర్లు, నిలువుగా గ్రాములు పెట్టి ఈ చుక్కలను కలిపితే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ ఎంత నిటారుగా ఉందో అదే సాంద్రత. అదే కాగితం మీద నీటి కొలతలు కూడా గీస్తే ఆ రేఖ నూనె రేఖ కంటే కొంచెం నిటారుగా, తేనె రేఖ ఇంకా నిటారుగా నిలుస్తాయి. విద్యార్థులతో ఈ పని చేయించేవారు ఒక విషయం గమనించాలి: రేఖ మూలబిందువు గుండా పోకుండా పైనెక్కడో నిలువు గీతను తాకితే, జగ్గు బరువును సున్నా చేయడం మరిచిపోయారని అర్థం. అటువంటప్పుడు ఏదో ఒక్క కొలతను తీసుకుని భాగిస్తే తప్పు సాంద్రత వస్తుంది, కానీ రేఖ వాలు మాత్రం అప్పటికీ సరిగానే ఉంటుంది. అందుకే ఒక్క కొలతను నమ్మడం కంటే నాలుగు కొలతల రేఖను నమ్మడం మేలు.

కొలత గ్లాసు గీతలు అంత కచ్చితమైనవి కావు. ఇంకా నమ్మకమైన జవాబు కావాలంటే మూత ఉన్న సీసా చాలు, గీతలు అక్కరలేదు. ఖాళీ సీసా 24 గ్రాములు తూగిందనుకుందాం. దాన్ని అంచు వరకు నీటితో నింపి, మూత బిగించి, బయట తడి తుడిచి తూస్తే 530 గ్రాములు వచ్చిందనుకుందాం. అంటే లోపలి నీరు 506 గ్రాములు. నీటిని పారబోసి, సీసాను పూర్తిగా ఆరబెట్టి, అదే అంచు వరకు వేరుశనగ నూనెతో నింపి తూస్తే 486 వచ్చింది. నూనె 462 గ్రాములు. రెండింటి చోటూ ఒక్కటే కనుక ఘనపరిమాణం ఎంతో తెలియకుండానే 462ను 506తో భాగించవచ్చు. వచ్చిన 0.913 అనే సంఖ్య, నీటితో పోల్చినప్పుడు నూనె ఎన్ని వంతులో చెప్పే సాపేక్ష సాంద్రత. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి సాంద్రత 0.9957 కాబట్టి దానితో గుణిస్తే నూనె సాంద్రత 0.909 అవుతుంది. ప్యాకెట్టు మీది 910 గ్రాములు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు మీ త్రాసే చెప్పింది.

ఘన వస్తువులు: తప్పు ఎక్కడ దూరుతుంది

ఇటుక వంటి చదునైన వస్తువుకు ఘనపరిమాణం కనుక్కోవడం సులభమని అనిపిస్తుంది: పొడవు, వెడల్పు, ఎత్తులను గుణిస్తే సరిపోతుంది. మన దేశంలో ప్రామాణిక ఇటుక కొలత 19 × 9 × 9 సెంటీమీటర్లు, అంటే 1539 ఘన సెంటీమీటర్లు. అది మూడు కిలోలు తూగితే సాంద్రత 1.95. ఇప్పుడు స్కేలును ఒకింత ఏమరుపాటుగా పట్టుకుని మూడు వైపులా రెండేసి మిల్లీమీటర్లు ఎక్కువ చదివారనుకుందాం. ఘనపరిమాణం 1625 అవుతుంది. నూటికి అయిదున్నర పాళ్ళ తప్పు ఒక్కసారిగా వచ్చి చేరింది. అదే సమయంలో త్రాసు ఒక గ్రాము తప్పు చూపినా మూడు వేల గ్రాములలో అది లెక్కలోకి రాదు. సాంద్రత కొలతలో తప్పు దాదాపు ఎప్పుడూ ఘనపరిమాణం తలుపు గుండానే లోపలికి వస్తుంది. ఈ మాట గుర్తుంటే శ్రద్ధ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

వంకరటింకర వస్తువులకు స్కేలు పనికిరాదు. వాటికి నేను అన్నింటికంటే ఇష్టపడే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని కొంచెం నిదానంగా వివరిస్తాను. మా ఇంట్లో యాలకులు దంచుకునే చిన్న ఇత్తడి రోకలి ఉంది. జగ్గులో రోకలి పూర్తిగా మునిగేంత నీరు పోసి, జగ్గును త్రాసు మీద పెట్టి సున్నా చేయాలి. రోకలి నడుముకు దారం కట్టి, దాన్ని నీటిలోకి మెల్లగా దించాలి. అది పూర్తిగా మునగాలి, కానీ జగ్గు అడుగునూ గోడలనూ తాకకూడదు. చెయ్యి వణుకుతుంటే జగ్గుకు తగలకుండా పైన అడ్డంగా నిలిపిన కర్రకు దారం చుట్టవచ్చు. రోకలి బరువంతా దారమే మోస్తోంది కదా, త్రాసు ఏమీ చూపించకూడదని అనిపిస్తుంది. కానీ త్రాసు 49 చూపిస్తుంది. నీరు రోకలిని ఎంత బలంతో పైకి నెడుతోందో, రోకలి కూడా నీటిని అంతే బలంతో కిందికి నొక్కుతోంది. ఆ బలం రోకలి పక్కకు తోసిన నీటి బరువుకు సమానం. 49 గ్రాముల నీరంటే 49 ఘన సెంటీమీటర్లు. అదే రోకలి ఘనపరిమాణం. ఇప్పుడు దారాన్ని పూర్తిగా వదులు చేసి రోకలిని అడుగున పడుకోబెడితే త్రాసు 412 చూపిస్తుంది, అది దాని ద్రవ్యరాశి. పాత్ర మార్చకుండా, నీరు ఒలకబోయకుండా, ఒకే చోట రెండు కొలతలూ వచ్చాయి. 412ను 49తో భాగిస్తే 8.4. ఇత్తడి సాంద్రత దానిలోని రాగి, జింకుల పాళ్ళను బట్టి సుమారు 8.4 నుంచి 8.7 వరకు ఉంటుంది, కాబట్టి రోకలి ఇత్తడిదేనన్న మాట పొసుగుతుంది.

ఇక్కడ ఆగి ఆ 8.4ను ఎంతవరకు నమ్మవచ్చో అడగాలి. త్రాసు ఒక గ్రాము అటూ ఇటూ చూపుతుంది. ఘనపరిమాణం 48 అయితే సాంద్రత 8.58, 50 అయితే 8.24. అంటే మనం నిజాయితీగా చెప్పగలిగినది 8.2కు, 8.6కు మధ్య అని మాత్రమే. లెక్కల యంత్రం చూపిన 8.40816 అన్న అంకెలన్నీ రాయడం అర్థం లేని పని. పది గ్రాముల వెండి నాణేన్ని ఇదే త్రాసుతో పరీక్షించాలని చూసేవారికి ఇదే కారణంతో నేను వద్దని చెబుతాను. వెండి సాంద్రత 10.5 కనుక నాణెం తోసే నీరు ఒక్క గ్రాము కూడా ఉండదు, త్రాసు తప్పు కూడా ఒక గ్రామే. దానికి గ్రాములో వందో వంతు చూపే కంసాలి త్రాసు కావాలి. వస్తువును దించేటప్పుడు దానికి అంటుకునే గాలి బుడగలను కూడా దారం ఊపి పోగొట్టాలి, ఎందుకంటే బుడగ ఘనపరిమాణాన్ని పెంచి చూపుతుంది. లోపల బోలుగా పోతపోసిన విగ్రహాలకు ఈ పద్ధతిలో వచ్చే సాంద్రత లోహానిది కాదు, లోహమూ లోపలి గాలీ కలిసిన మొత్తం వస్తువుది.

సిరక్యూస్ రాజు హీరో కిరీటంలో వెండి కలిసిందేమోనన్న అనుమానాన్ని ఆర్కిమెడిస్ తీర్చిన కథ అందరూ విన్నదే. ఆ కథను రెండు శతాబ్దాల తరువాత రాసిపెట్టిన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్, పొర్లిపోయిన నీటిని కొలిచాడని చెప్పాడు. ఒక లెక్క వేసి చూద్దాం. కిలో స్వచ్ఛమైన బంగారానికి ఘనపరిమాణం 1000ను 19.3తో భాగిస్తే సుమారు 52 ఘన సెంటీమీటర్లు. అందులో 300 గ్రాములు వెండి కలిసి ఉంటే, 700 గ్రాముల బంగారానికి 36.3, వెండికి 28.6, మొత్తం 64.9. తేడా 13 ఘన సెంటీమీటర్లే. ఇరవై సెంటీమీటర్ల వ్యాసమున్న పాత్రలో ఆ తేడా నీటిమట్టాన్ని అర మిల్లీమీటరు కూడా పెంచదు, కంటితో పట్టుకోవడం కష్టం. నీటిలో వేలాడదీసి తూస్తే మాత్రం అదే తేడా 13 గ్రాములుగా త్రాసు మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఆర్కిమెడిస్ ఇలాగే త్రాసును వాడి ఉండాలని గెలీలియో 1586లో రాసిన చిన్న పుస్తకంలో వాదించాడు. మనం రోకలిని కొలిచిన పద్ధతికి మూలం ఆ ఆలోచనే.

ఈ కిరీటం లెక్కలోనే చాలామంది చేసే ఒక పొరపాటు దాగి ఉంది. నూటికి డెబ్భై పాళ్ళ బంగారం, ముప్పై పాళ్ళ వెండి కనుక 19.3లో డెబ్భై పాళ్ళు, 10.5లో ముప్పై పాళ్ళు కలిపి 16.7 అని రాస్తారు. అది తప్పు. సాంద్రతలను నేరుగా కలపకూడదు. ద్రవ్యరాశులను కలపాలి, ఘనపరిమాణాలను విడిగా కలపాలి, ఆ తరువాతే భాగించాలి. 1000ను 64.9తో భాగిస్తే వచ్చేది 15.4.

నీటిపై తేలే వస్తువులకు కూడా ఇదే జగ్గు పనికివస్తుంది. లావుపాటి కొవ్వొత్తి ముక్కను సున్నా చేసిన జగ్గులో వదిలేస్తే అది తేలుతూ 72 చూపిందనుకుందాం, అది ద్రవ్యరాశి. సన్నని సూదితో దాన్ని నీటిలోకి సరిగ్గా మునిగేవరకు నొక్కితే 80 చూపుతుంది; అది ఘనపరిమాణం. సాంద్రత 0.90. తేలేటప్పుడు కొవ్వొత్తిలో పదింట తొమ్మిది వంతులు నీటిలో మునిగి ఉంటాయి, ఆ వంతు సాంద్రతల నిష్పత్తే. సముద్రంలో మంచుకొండ ఎక్కువ భాగం నీటి కిందే ఎందుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది: మంచు సాంద్రత 0.917, సముద్రపు నీటిది సుమారు 1.025.

కుంచంలో బియ్యం, మధ్యలో గాలి

మన పెద్దలు ధాన్యాన్ని తూచేవారు కాదు, కొలిచేవారు. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి అన్నవన్నీ ఘనపరిమాణపు కొలతలు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి కిలోలు అమలులోకి వచ్చాక బియ్యం తూకానికి మారాయి. కుంచంతో కొలిచేటప్పుడు ఒకసారి కుదిపితే ఇంకో గుప్పెడు పట్టేదని అప్పటివారికి బాగా తెలుసు. దానికి కారణం గింజల మధ్య ఉన్న గాలి. 200 ఘన సెంటీమీటర్లు పట్టే గ్లాసు నిండా బియ్యం పోసి తూస్తే సుమారు 164 గ్రాములు వస్తాయి, సాంద్రత 0.82 అనిపిస్తుంది. 0.82 అయితే బియ్యం నీటిపై తేలాలి, కానీ ఎసట్లో వేయగానే మునిగిపోతాయి. ఇప్పుడు ఆ గ్లాసును త్రాసు మీదే సున్నా చేసి, బియ్యం నీటిని పీల్చుకోకముందే అంచు వరకు గబగబా నీరు పోయండి. సుమారు 85 గ్రాముల నీరు పడుతుంది. అంటే గ్లాసులో 85 ఘన సెంటీమీటర్లు గాలే ఉంది, గింజలది 115 మాత్రమే. 164ను 115తో భాగిస్తే 1.43, అదే గింజ సాంద్రత. మొదటిదాన్ని రాశి సాంద్రత అనుకోవచ్చు. గోనె సంచీ ఎంత పట్టుతుందో తెలియాలంటే రాశి సాంద్రత కావాలి, గింజ మునుగుతుందా తేలుతుందా తెలియాలంటే గింజ సాంద్రత కావాలి. ఇసుక, సిమెంటు, పంచదార, పిండి అన్నింటికీ ఈ రెండు సంఖ్యలుంటాయి, ఏది అడుగుతున్నారో చూసుకోకుండా లెక్క మొదలుపెట్టకూడదు.

వేడి, అణువులు

ఒకే నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది. ద్రవ్యరాశి అలాగే ఉండి ఘనపరిమాణం పెరుగుతుంది కనుక సాంద్రత తగ్గుతుంది. లీటరు సోయాబీన్ నూనె 21 డిగ్రీల దగ్గర సుమారు 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర సుమారు 893 గ్రాములే తూగుతుంది. కొన్ని ప్యాకెట్ల మీద ఎక్కువ ఉష్ణోగ్రతను చూపి లీటరుకు తక్కువ గ్రాములు రాసే అలవాటు ఉండేది. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా ఘనపరిమాణాన్ని, దానికి సరిపడే బరువును రాయాలని నూనె తయారీదారులకు సూచించింది. ప్యాకెట్టు కొనేటప్పుడు నా దృష్టి మొదట గ్రాముల మీదికి పోతుంది, ఎందుకంటే లీటర్లు వేడితో మారతాయి, గ్రాములు మారవు.

నీరు ఈ విషయంలో ప్రత్యేకం. చల్లబరుస్తూ పోతే 4 డిగ్రీల వరకు కుంచించుకుని, ఆ తరువాత వ్యాకోచిస్తుంది. గడ్డకట్టినప్పుడు అణువులు మధ్యలో ఖాళీలున్న చట్రంలా అమరుతాయి కాబట్టి ఘనపరిమాణం నూటికి తొమ్మిది పాళ్ళు పెరుగుతుంది. ఫ్రీజరులో నిండుగా పెట్టిన గాజు సీసా పగిలేది అందుకే.

లోహాల సాంద్రతలు ఎందుకు తేడాగా ఉంటాయన్న ప్రశ్నకు సీసం, బంగారం మంచి జవాబు చెబుతాయి. సీసపు పరమాణువు బంగారపు పరమాణువు కంటే బరువైనది; వాటి పరమాణు భారాలు వరుసగా 207, 197. అయినా సీసం సాంద్రత 11.3, బంగారానిది 19.3. బంగారంలో పరమాణువులు ఒకదానికొకటి ఎంతో దగ్గరగా అమరి ఉండడమే కారణం. పరమాణువు ఎంత బరువైనది, ఎంత దగ్గరగా పేర్చి ఉంది అన్న రెండు సంగతులూ కలిస్తేనే సాంద్రత ఏర్పడుతుంది, సూత్రంలో పైన ద్రవ్యరాశి, కింద ఘనపరిమాణం ఉండడంలో ఉన్న భావమూ అదే.

బంకులో, పాల కేంద్రంలో, నారుమడిలో

పెట్రోలు బంకులో సాంద్రతను ఘన మీటరుకు కిలోగ్రాముల్లో రాస్తారు. ఘన మీటరులో పది లక్షల ఘన సెంటీమీటర్లుంటాయి, వెయ్యి కిలోలంటే పది లక్షల గ్రాములు. అందువల్ల ఘన సెంటీమీటరుకు 1 గ్రాము అన్నా, ఘన మీటరుకు 1000 కిలోలు అన్నా, లీటరుకు 1 కిలో అన్నా ఒక్కటే. 742 అని రాసి ఉంటే లీటరు పెట్రోలు 742 గ్రాములని అర్థం. 15 డిగ్రీల దగ్గర పెట్రోలు సాంద్రత 720 నుంచి 775 మధ్య ఉండాలి. బంకు వద్ద గాజు జాడీలో పెట్రోలు పోసి, ద్రవంలో తేలుతూ దాని సాంద్రతను చూపే హైడ్రోమీటరునూ ఉష్ణమాపకాన్నీ ముంచి, పట్టికను చూసి ఆ అంకెను 15 డిగ్రీలకు సరిచేస్తారు. ట్యాంకరు దించినప్పుడు నమోదు చేసిన విలువకు 3 కంటే ఎక్కువ తేడా వస్తే అనుమానించాలి. ఈ పరీక్షను వినియోగదారు అడగవచ్చు.

పాలలో సంగతి మరింత సున్నితం. పాల సాంద్రత సుమారు 1.030. తొమ్మిది వంతుల పాలకు ఒక వంతు నీరు కలిపితే 1.027 అవుతుంది, అర లీటరు సీసాలో ఆ తేడా గ్రామున్నర మాత్రమే. అంత చిన్న తేడాను చూపడానికే, పాలలో తేలుతూ సాంద్రతను చూపే లాక్టోమీటరు అనే పరికరపు కాడను సన్నగా చేస్తారు. అయితే వెన్న సాంద్రత నీటికంటే తక్కువ కనుక, మీగడ తీసేస్తే పాల సాంద్రత పెరుగుతుంది. అది 1.034కు చేరాక నూటికి పన్నెండు పాళ్ళ నీరు కలిపితే మళ్ళీ 1.030కే వచ్చి, లాక్టోమీటరు ఏ తేడా లేదని చెబుతుంది. పాల కేంద్రాల్లో వెన్న శాతాన్ని కూడా కొలిచి, రెండింటినీ కలిపి వెన్నేతర ఘనపదార్థాలను లెక్కించడానికి కారణం ఇదే. ఒక్క సాంద్రతతో స్వచ్ఛతను తేల్చలేము.

వరి విత్తనాలను ఉప్పు నీటిలో వేసి ఏరుకునే రైతుకు ఏ అంకెతోనూ పని లేదు, కానీ ఆయన చేసేది సాంద్రత పరీక్షే. మంచినీటిలో తాజా కోడిగుడ్డు మునుగుతుంది. ఉప్పు వేసి కలుపుతూ పోతే నీటి సాంద్రత పెరిగి, ఒక దశలో గుడ్డు పైకి వచ్చి రూపాయి బిళ్ళంత భాగం నీటి పైన కనిపిస్తుంది. అప్పుడు గుడ్డు తీసేసి విత్తనాలు పోసి కలియబెట్టాలి. నిండుగా పాలుపోసుకున్న గింజలు అడుగుకు చేరతాయి. తాలు, అరకొరగా నిండిన గింజలు తేలతాయి, వాటిని జల్లెడతో తీసేయాలి. మంచినీటిలోనే వేస్తే పూర్తి తాలు మాత్రమే తేలుతుంది, అరకొర గింజలు మంచివాటితో పాటే మునిగిపోతాయి. వాటిని విడదీయడానికే ఆ ఉప్పు. మునిగిన గింజలను వెంటనే తీసి రెండు మూడు సార్లు మంచినీటితో కడిగిన తరువాతే నానబెట్టాలి, ఉప్పు అంటుకుని ఉంటే మొలక దెబ్బతింటుంది.